పాతాళగంధి: మనోవ్యాధి చికిత్స చరిత్రలో ఒక అడవి వేరు

తల్లాడ నుండి కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు దాటిన తరువాత జూలూరుపాడు వస్తుంది. దారికి రెండు వైపులా పత్తిచేలు, మిరపతోటలు. వాటి వెనుక నల్లని గీతవలె అడవి. ఆ అడవి తూర్పుగా సాగి గోదావరి దాటి భద్రాచలం కొండలలో కలిసిపోతుంది. పరిపాలన పటాల మీద ఈ ఊరి చిరునామా ఎన్నోమార్లు మారినది. నిజాము కాలంలో వరంగల్లు కిందనున్న ఈ ప్రాంతం 1953లో కొత్తగా ఏర్పడిన ఖమ్మం జిల్లాలోకి వచ్చినది. 1959లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి నుండి విడివడి ఇదే జిల్లాలో చేరినది. 2016 నుండి జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినా మారనిది ఒకటి కలదు. ఇది మైదానపు రైతూ, అడవి కోయవారూ, తండాల లంబాడీలూ కలుసుకొనే చోటు. ఇక్కడి సంతలలో మందుల షాపు బిళ్ళలూ, కోయదొర పరచిన గుడ్డమీది వేళ్ళూ పక్కపక్కనే అమ్ముడుపోయిన రోజులను నేనెరుగుదును.

అటువంటి వేళ్ళలో ఒకదాని కథ ఈనాటి ప్రసంగానికి విషయం. అంతకు ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. అది చెప్పనిదే ఈ కథ నాకెందుకు పట్టినదో శ్రోతలకు బోధపడదు.

నా చిన్ననాట, 1991 ప్రాంతంలో, మా మేనత్తకు రెండవ కాన్పు అయినది. బిడ్డ ఆరోగ్యంగానే ఉన్నది. పురుడు వెళ్ళిన తరువాత అత్తయ్య మాటలాడడం మానివేసినది. బిడ్డ ఏడ్చినా లేచేది కాదు. అన్నం ముందు పెట్టుకొని గోడవంక చూస్తూ కూర్చుండేది. రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చి వాకిట తిరుగుతుండేది. “పచ్చి బాలింత, గాలి సోకినది” అన్నారు. తాయెత్తు కట్టించినారు. దిష్టి తీసినారు. ఒక భూతవైద్యుడు వచ్చి వేపమండలతో కొట్టినాడు. ఆ దెబ్బలకు ఆమె కేక కూడ పెట్టలేదు. అది చూచి పెద్దలు “దయ్యం మొండిది” అనుకొన్నారు. మా నాయనమ్మ మాత్రం చాటుకు వచ్చి కళ్ళు తుడుచుకొన్నది. కేక పెట్టడానికి కూడ మనసులో ఓపిక మిగలని స్థితి ఒకటి ఉంటుందని ఆ ఇంట ఎవరికీ తెలియదు.

తెలియకపోవడానికి భాషలో మాటలు లేవా అంటే, లేకేమి! దిగులు, బెంగ, మనాది, కలత, గుబులు, వెర్రి, చిత్తచాంచల్యం, మతిభ్రమణం. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఛాయ. “బెంగపడి చిక్కిపోయినాడు” అని మన పల్లెలలో అనని ఇల్లాలు ఉండదు. మనసులోని బాధ ఒంటిని తినివేస్తుందనే అనుభవం ఆ ఒక్క మాటలో ఉన్నది. ఇన్ని మాటలు ఉండి కూడ, జబ్బు ముదిరి నలుగురిలో పడగానే అన్నిటినీ తోసివేసి ఒక్క “పిచ్చి” అనే మాట వచ్చి కూర్చుంటుంది. ఆ మాట పడిన ఇంటికి సంబంధాలు రావు. అందుచేత ఆ ఇల్లు జబ్బును దాచుకొంటుంది, దాచినకొద్దీ అది ముదురుతుంది.

ప్రాచీనులు ఈ విషయాన్ని దాచలేదు. చరకసంహితలో ఉన్మాదానికి ప్రత్యేకాధ్యాయాలే ఉన్నవి. వాత, పిత్త, కఫ, సన్నిపాతజాలని నాలుగు, బయటినుండి వచ్చే ఆగంతుకం ఒకటి, మొత్తం ఐదు విధాలుగా చరకుడు ఉన్మాదాన్ని విభజించినాడు. భూతప్రేతాదులకు అందులో చోటు ఉన్న మాట నిజమే. కాని మిగిలిన నాలుగూ ఒంటిలోని దోషాలనుండి పుట్టినవే. మందుతోపాటు సత్త్వావజయమని ఒక చికిత్స చెప్పబడినది. అహితమైన విషయాలనుండి మనసును మరల్చి నిలబెట్టడం దాని అర్థం. భయపెట్టడం, కట్టివేయడం వంటివి కూడ ఆ గ్రంథాలలో ఉన్నవని దాచనక్కరలేదు. మన పూర్వులు సర్వజ్ఞులని చెప్పుకొని తృప్తిపడే అలవాటు నాకు లేదు. మనోవ్యాధి వైద్యానికి సంబంధించిన విషయమని వారు గుర్తించినారు. అదే పెద్ద సంగతి.

ఇంగ్లీషువారు వచ్చిన తరువాత గోడలు లేచినవి. మద్రాసులో 1794లో వాలెంటైన్ కొనోలీ అనే వైద్యుడు ఒక పిచ్చాసుపత్రి స్థాపించినాడు. తరువాత అది కీల్పాకుకు మారినది. 1858లో పిచ్చాసుపత్రుల చట్టం వచ్చినది. ఆ తరువాతి దశకాలలో దేశంలో పలుచోట్ల ఇటువంటివి వెలసినవి. మన తెలుగుదేశంలో వాల్తేరులోనిది వాటిలో ఒకటి. ఆ చట్టం దృష్టిలో రోగి అంటే మేజిస్ట్రేటు ఉత్తరువు మీద లోపల పెట్టదగిన మనిషి. వైద్యం ఏమి జరిగినదని అడుగకండి. ఆనాడు ప్రపంచంలో ఎక్కడా చెప్పుకోదగిన మందు లేదు. 1912లో మరొక చట్టం వచ్చినది. 1920లో బోర్డులు మారి “మానసిక వైద్యశాల” అనే పేరు వచ్చినది. 1946లో భోర్ కమిటీ లెక్క వేసినపుడు, అవిభక్త భారతదేశమంతటికీ కలిపి ఇటువంటి ఆసుపత్రులు 19, మంచాలు పదివేల పైచిలుకు మాత్రమే ఉన్నవి.

జూలూరుపాడువారికి మద్రాసు పరాయి రాజ్యం. నిజాము రాజ్యంలోని మానసిక వైద్యశాల నేటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండినది. ఈ అడవి అంచునుండి అక్కడికి రోగిని తీసికొనిపోవడమంటే కాశీయాత్ర కన్న కష్టం. 1953లో ఆ వైద్యశాల హైదరాబాదులోని ఎర్రగడ్డకు వచ్చినది. వచ్చిన కొద్ది కాలానికే “ఎర్రగడ్డ” అనే ఊరిపేరు తెలుగునాట తిట్టు అయి కూర్చున్నది. వేలమందికి నిద్ర ఇచ్చి, తెలివి ఇచ్చి, ఇంటికి పంపిన చోటు పేరు ఎగతాళి మాట కావడం మన నాలుకల దోషమే.

ఇక వేరు సంగతి.

తెలుగులో పాతాళగంధి, సర్పగంధి అనే పేర్లతో, సంస్కృతంలో సర్పగంధ అనే పేరుతో పిలువబడే చిన్న మొక్క ఒకటి ఉన్నది. మోకాలెత్తు మించి పెద్దగా పెరుగదు. తెలుపు, గులాబి కలిసిన పూలు; పండితే నల్లబడే చిన్న కాయలు. నీడ, తేమ గల అడవి నేలలో, తూర్పు కనుమలలోనూ హిమాలయపు పాదాలలోనూ పెరుగుతుంది. పాముకాటుకు, జ్వరానికి, నిద్రపట్టనివారికి దీని వేరు వాడేవారు. బీహారు, వంగదేశాల పల్లెలలో దీనికి “పాగల్ కీ దవా” అని పేరు. పిచ్చివాని మందు అన్నమాట. ఐరోపావారు దీని జాతికి 16వ శతాబ్దపు జర్మను వైద్యుడు రౌవోల్ఫు పేరు పెట్టినారు. ఆయన సిరియా, ఇరాకు దేశాలు తిరిగినాడే కాని మన దేశానికి వచ్చినవాడు కాదు. ఈ మొక్కను కనీసం చూడని మనిషి పేరు దానికి అంటుకొన్నది, తరతరాలుగా తవ్వి నూరి తాగించినవారి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

1931 ఈ వేరు చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఆ యేడు ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఈ వేరునుండి క్షారపదార్థాలను వేరుచేసినాడు. తనకు ఆసరా ఇచ్చిన హకీం అజ్మల్ ఖాన్ పేరుమీద ఒకదానికి అజ్మలీన్ అని పేరు పెట్టినాడు. అదే యేడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు ఉన్మాదానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తున్నదని వ్యాసం ప్రచురించినారు. పోటూ తగ్గుతుంది, పిచ్చీ తగ్గుతుంది అంటే పడమటి ప్రపంచం వినలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు రోగులలో ఈ మందు గుణాన్ని లెక్కలతో ఇంగ్లండులోని హృద్రోగ పత్రికలో వ్రాసిన తరువాతగాని తలలు ఇటు తిరుగలేదు. 1952లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో సీబా కంపెనీ రసాయనికులు వేరులోని అసలు సత్తువను శుద్ధిచేసి తీసినారు. దానికి రిసర్పిన్ అని పేరు. 1954లో న్యూయార్కు రాష్ట్రపు వైద్యశాలలో నేథన్ క్లైన్ దానిని మనోవ్యాధిగ్రస్తులకు ఇచ్చి, కలత, ఉద్రేకం తగ్గుతున్నవని ప్రకటించినాడు. 1957లో అమెరికా వారి లాస్కర్ బహుమానం పొందిన వైద్యులలో వకీలూ ఉన్నాడు, క్లైనూ ఉన్నాడు.

ఇదే కాలంలో, 1952లో, పారిసు నగరంలో క్లోర్‌ప్రోమజీన్ అనే మరొక మందు వచ్చినది. శతాబ్దాలుగా గొలుసులూ తాళాలూ తప్ప మరేమీ లేని వైద్యశాలలకు రెండు మూడేండ్లలో రెండు మందులు అందినవి. వార్డులలో అరుపులు తగ్గినవి. మంచాలకు కట్టిన కట్లు విప్పినారు. ఇళ్ళకు తిరిగిపోగలిగిన రోగుల సంఖ్య పెరిగినది.

కథ ఇక్కడితో ఆగి ఉంటే “మన వేరు ప్రపంచానికి మందు ఇచ్చినది” అని చంకలు గుద్దుకొనేవారము. నాకు ఆసక్తి కలిగించేది దాని తరువాతి మలుపు. పోటుకు రిసర్పిన్ తినేవారిలో కొందరు దిగులుపడిపోతున్నారనీ, నవ్వు మరచి, చావును గూర్చి మాటలాడుతున్నారనీ వైద్యులు వ్రాసినారు. ఆ సంబంధం మొదట అనుకొన్నంత గట్టిది కాదని తరువాతి పరిశోధకులు శంకించినారు. కాని ఆనాడు ఆ పరిశీలన ఒక పెద్ద ప్రశ్నకు తలుపు తీసినది. ఒక వేరు మనిషిలో దిగులు పుట్టించగలిగితే, దిగులుకు ఒంటిలో స్థానం ఉన్నట్లే గదా! 1955లో అమెరికాలోని బెథెస్డాలో బ్రోడీ బృందం, రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వను ఖాళీ చేస్తున్నదని కనుగొన్నది. అక్కడ పనిచేసి స్వదేశానికి పోయిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్సన్, రిసర్పిన్ తిని కదలక మెదలక పడిన కుందేళ్ళకు డోపా అనే పదార్థం ఎక్కించగా అవి లేచి తిరిగినవి. మెదడులో డోపమీన్ చేసే పని అట్లా బయటపడినది. వణుకుడు రోగమైన పార్కిన్సన్ జబ్బుకు మందు దొరకడానికి దారి ఏర్పడినది. 2000లో కార్ల్సన్‌కు నోబెల్ బహుమానం పంచుకొనే గౌరవం లభించినది. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ దిగులు జబ్బుకు ఇమిప్రమీన్ పనిచేస్తున్నదని ప్రకటించినాడు. నేడు వైద్యులు దిగులుకు ఇచ్చే మందులలో అధికభాగం ఆ నాటి ఆలోచనల సంతానమే. దిగులంతా ఒక్క రసాయనం లోటువల్లనే అనే తొలినాటి సిద్ధాంతాన్ని నేటి శాస్త్రం అంగీకరించడం లేదు. వంశం, బాల్యం, లేమి, ఒంటరితనం, ఒంటి జబ్బు, ఇవన్నీ కలిసి అల్లిన అల్లిక అది. అయినను మందు పనిచేస్తుంది, మాట పనిచేస్తుంది, రెండూ కలిస్తే మరింత పనిచేస్తుంది.

ఇది విని ఎవరైనను అడవికి పోయి వేరు తవ్వి నూరుకొంటారేమోనని నా భయం. ఆ పని కూడదు. మోతాదు తప్పితే రక్తపు పోటు ప్రమాదకరంగా పడిపోతుంది. పైగా మందుల గిరాకీ కోసం విచ్చలవిడిగా తవ్వివేయడంవల్ల మొక్కే అరుదైపోయి, దాని వర్తకం మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినవి. మనోవ్యాధికి నేడు రిసర్పిన్ వాడుక దాదాపు పోయినది. దానికన్న మంచివి వచ్చినవి.

మందు వచ్చినంత మాత్రాన మనిషికి అందదు. ఎర్రగడ్డలో ఉన్న బిళ్ళ జూలూరుపాడు ఇల్లాలికి ఎట్లా చేరవలె? ఈ ప్రశ్నకు మొదటి మంచి జవాబులలో ఒకటి పంజాబులో దొరికినది. 1950లలో అమృతసరం మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగులతోపాటు వారి బంధువులను కూడ ఆవరణలో డేరాలు వేసి ఉంచినాడు. అన్నం తినిపించడం, పక్కన కూర్చుండడం, జబ్బు గుణం తెలిసికొనడం, అన్నీ ఇంటివారే నేర్చుకొన్నారు. రోగులు త్వరగా ఇల్లు చేరినారు. ఇంటికి పోయిన బంధువులు ఊరిలో తాము చూచినది చెప్పుకొన్నారు. ఎన్ని ప్రచార పత్రాలు వేసినా రాని ఫలం అది. బెంగుళూరులో 1954లో ఏర్పడి 1974 నుండి నిమ్‌హాన్స్‌గా పేరు పొందిన సంస్థ, 1980లలో బళ్ళారి జిల్లాలో మరొక అడుగు వేసినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు మామూలు డాక్టరుకే సామాన్యమైన మనోవ్యాధులను గుర్తించి మందివ్వడం నేర్పినారు. 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద, 1996లో జిల్లా పథకం మొదలైనపుడు దేశంలో ఎన్నుకొన్న నాలుగు జిల్లాలలో మన మెదక్ ఒకటి.

పథకాలు ఇట్లా నడుస్తుండగానే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకొన్నది. దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన రోగులు పారిపోలేక 28 మంది చనిపోయినారు. సుప్రీంకోర్టు తనంత తానుగా ఆ విషయం చేపట్టినది. 2017లో వచ్చి 2018లో అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించినది. చికిత్స పొందడం హక్కు అన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మనస్తాపంలో ఉన్నారని భావించవలెననీ, వారిని శిక్షించక సంరక్షణ కల్పించవలెననీ చెప్పినది. 1912 చట్టం రోగినుండి లోకాన్ని కాపాడవలెననుకొన్నది. ఈ చట్టం రోగినే కాపాడవలెనంటున్నది. నూరేండ్లలో వచ్చిన మార్పు ఇది. కాగితం మీది మార్పు గడపదాకా ఎంత వచ్చినదనేది వేరే ప్రశ్న.

గడప మాట వచ్చినది గనుక మన పత్తిచేల మాట ఎత్తక తప్పదు. 1997-98 శీతకాలంలో లద్దెపురుగు పత్తిని తినివేసినపుడు వరంగల్లు జిల్లాలో రైతులు వరుసగా ప్రాణాలు తీసికొన్నారు. పురుగును చంపని మందు మనిషిని చంపినదని ఆ రోజులలో ఊరూరా చెప్పుకొన్నారు. ఆ మరణాలన్నిటినీ మనోవ్యాధి ఖాతాలో వ్రాయడం అన్యాయం. అప్పును ఏ వైద్యుడూ తీర్చలేడు, కల్తీ మందును ఏ ఓదార్పూ మంచిది చేయలేదు. కాని ఒకే అప్పు ఉన్న ఇద్దరిలో ఒకరు తెల్లవారేదాకా ఆగగలిగి మరొకరు ఆగలేకపోవడానికి, ఆ రాత్రి పక్కన ఎవరున్నారనేదీ, చేతికి ఏమి అందుబాటులో ఉన్నదనేదీ కూడ కారణాలే. సింహళదేశం ఈ సంగతి రుజువు చేసినది. అక్కడి ప్రభుత్వం 1995 నుండి మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించినది. తరువాతి పదేండ్లలో ఆత్మహత్యలు సగానికి పడిపోయినవి. 2015 నాటికి 93,000 ప్రాణాలు నిలిచి ఉంటవని పరిశోధకుల అంచనా. పంటలు తగ్గలేదు. చావాలనే ఆలోచన చాలమందిలో కొద్దిసేపటి తుఫాను. ఆ కాసేపు విషం చేతికందకుంటే ఆ మనిషి చాలవరకు బ్రతికిపోతాడు. ఇంటి చూరులో, మంచం కింద పురుగుమందు డబ్బా పెట్టుకొనే శ్రోతలు ఈ మాట విన్నవెంటనే దానిని చేని దగ్గర తాళంలో పెట్టివస్తే నా ఈ ప్రసంగానికి అంతకు మించిన ఫలం లేదు.

దిగులు అందరికీ వస్తుంది. పంట పోతే రావాలి, మనిషి పోతే రావాలి. అది రాకపోవడమే జబ్బు. కాని రెండు వారాలు దాటినా వదలక, నిద్ర చెడగొట్టి, ఆకలి చంపి, ఇష్టమైన పని మీద కూడ మనసు పోనీయక, “నేనెందుకూ కొరగాను” అనిపిస్తుంటే అది దిగులు జబ్బు. దడ, చెమట, ఊపిరాడనట్లు ఉండడం వచ్చి, గుండె డాక్టరు అంతా బాగున్నదని పంపివేస్తే అది ఆందోళన జబ్బు కావచ్చును. మన పల్లెలలో ఈ జబ్బులు తమ పేరు చెప్పుకొని రావు. “ఒళ్ళంతా నొప్పులు, తల బరువు, నీరసం” అనే వేషంలో వస్తవి. ఆర్.ఎం.పి. డాక్టరు గ్లూకోజు సీసా ఎక్కించి పంపుతాడు. 2015-16 జాతీయ సర్వేలో దేశంలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసికమైన జబ్బుతో ఉన్నట్లు తేలినది. అధికభాగానికి చికిత్స అందడం లేదు. కాన్పు అయిన తల్లుల సంగతి మరీ ప్రత్యేకం. మనవంటి దేశాలలో నూటికి ఇరవైమందికి దగ్గరగా ఈ బాధకు లోనవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గాలి అనీ, గ్రహమనీ చెప్పుకొన్నది చాలవరకు ఇదే.

అటువంటివారితో “ధైర్యం తెచ్చుకో” అనకండి. కాలు విరిగినవానితో “లేచి నడువు” అనడం వంటిదే అది. పక్కన కూర్చుండండి. చెప్పినది వినండి. “చావాలని అనిపిస్తున్నదా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగినవారున్నారనే ఊరటే కలుగుతుంది. 2022 అక్టోబరు 10 నుండి టెలి-మానస్ అనే ప్రభుత్వ సేవ నడుస్తున్నది. 14416 అనే నంబరుకు ఏ ఫోను నుండైనను రాత్రింబవళ్ళు చేయవచ్చును. ఖర్చు లేదు, తెలుగులో మాటలాడుతారు. పట్నందాకా పోవడానికి చార్జీలు లేనివారికీ, పోతే నలుగురూ చూస్తారని వెరచేవారికీ ఇది కొంత ఆసరా.

వడ్డెల దగ్గరికి, గుడికి, దర్గాకు పోవద్దని నేననను. పూజవల్ల కుదుటపడే మనసులు ఉన్నవి. కొట్టేవాని దగ్గరికి, కట్టివేసేవాని దగ్గరికి, బిళ్ళ మానుమనేవాని దగ్గరికి మాత్రం పోకండి.

మా అత్తయ్యను ఆరు నెలల తరువాత పట్నంలోని ఒక ఆసుపత్రిలో చూపించినారు. అక్కడికి తీసికొనిపోయినది ఎవరో కాదు, మా నాయనమ్మ. అరువది ఏండ్ల వయసులో, చదువు లేని ఆమె, ఒక నర్సమ్మ చెప్పిన మాట పట్టుకొని, కొడుకులు వద్దన్నా వినక బస్సెక్కినది. రోజుకొక బిళ్ళ ఇచ్చినారు. నెలన్నర తరువాత ఒకనాటి తెల్లవారుజామున అత్తయ్య తనంతట లేచి పొయ్యి వెలిగించినదట. పాలు కాగే వాసనకు ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చినది. ఆనాటి పసిబిడ్డకు ఈ మధ్యనే కాన్పు అయినది. పురిటింట అత్తయ్యే ఉన్నది. బిడ్డకు పాలు పట్టే వేళలకన్న, కూతురికి నిద్ర పడుతున్నదా లేదా అనేదే ఆమె ఎక్కువగా అడుగుతున్నది.